నిమ్మలం బావ, నేను, ఆరుద్ర చుక్క

ఆ రోజుల్లో చదువు సగమే ఉన్నా గొంతు నిండుగా ఉంటే చాలు, నలుగురిలో మనిషికి గౌరవం దొరికేది. నా గొంతుకు ఏ లోటూ లేదు. చదువు సంగతే కొంచెం తేడా. కరీంనగర్‌లో మూడేళ్ళు బి.ఎస్సీ. చదివాననే మాట నిజమే. ఫిజిక్సు పేపరు మాత్రం మూడుసార్లు రాసినా నన్ను కరుణించలేదనే మాటను ఖతార్ విమానం ఎక్కకముందే బొంబాయిలో వదిలేసి వచ్చాను. మా వాళ్ళకు నేను దుబాయి పోయిన మనిషిని. ప్రతి ఉత్తరంలోనూ ఖతార్ అని విడమరిచి రాస్తే, మా అవ్వ దాన్ని కూడా కలుపుకుని, "మావోడు దుబాయిల ఖతారు అనే ఊర్లె ఉన్నడు" అని చెప్పుకునేది. అబద్ధమాడే అలవాటు నాకు లేదు గానీ, అవతలివాళ్ళు నా గురించి పొరబడుతుంటే అడ్డుపడే అలవాటు కూడా లేదు. క్యాంపులో అడుగుపెట్టిన వారానికే నన్ను అందరూ "సారు" అనడం మొదలుపెట్టారు. నేను ఊరుకున్నాను.

క్యాంపు దుఖాన్‌లో, ఖతార్ పడమటి తీరాన ఉన్న చమురు ఊళ్ళో. చమురు ధర పెరిగి, ఎక్కడ చూసినా పునాదులు తవ్వుతున్న కాలం అది. అక్కడ చమురు కంపెనీ ఉద్యోగులకు కొత్త ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు దగ్గర నేను టైమ్‌కీపర్‌ని. పొద్దున బస్సు దగ్గర నిలబడి, ఎక్కిన తలకాయలు లెక్కబెట్టి, పట్టీలో పేరుకెదురుగా హాజరు వేయడం నా డ్యూటీ. (దీనికి బి.ఎస్సీ. అక్కర్లేదని నాకూ తెలుసు.) అసలు ఉద్యోగం గురువారం సాయంత్రం ఉండేది. దోహా నుంచి ఉత్తరాల సంచి వచ్చేది. ఖాళీ రంగు డబ్బా బోర్లించి కూర్చుని, చదువు రాని వాళ్ళ ఉత్తరాలు ఒక్కొక్కటే చదివేవాణ్ణి. పొలం సంగతులు, పెళ్ళి సంగతులు అందరి ముందూ గట్టిగా చదవాలి. ఇంటిమాటలు రాగానే గొంతు తగ్గించాలి. మరీ లోపలి మాటలైతే, ఉత్తరం గలాయన నా భుజం మీద తట్టేవాడు, ఇద్దరం లేచి నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయేవాళ్ళం. ఆ ట్యాంకు వెనకాల నేను చదివిన మాటలు ఇన్నేళ్ళయినా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు కూడా చెప్పను.

అలా ట్యాంకు వెనక్కి ఎక్కువసార్లు పోయినవాళ్ళలో నిమ్మలం బావ ఒకడు. జగిత్యాల దగ్గరి పల్లె. సైటులో స్లాబులకు ఇనుప సలాకలు కట్టే పని. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నా గదిలోనే, నా కింది మంచం. మనిషిని ఏమడిగినా ఒకటే జవాబు, "నిమ్మలం". ఎట్లున్నవ్ బావా అంటే నిమ్మలం. ఎండెట్లున్నది అంటే నిమ్మలం. ఒకసారి సుత్తి దెబ్బ బొటనవేలి మీద పడి, మేమంతా పరుగెత్తుకుపోతే, "నిమ్మలమే, గోరు వొయ్యింది గంతే" అన్నాడు. భార్య నాలుగో నెల కడుపుతో ఉండగా వచ్చాడు. కొడుకు పుట్టిన ఉత్తరం నేనే చదివాను. బామ్మర్ది రాశాడు: పిలగాడు పుట్టిండు, తల్లీబిడ్డా మంచిగున్నరు, అయ్యగారు లెక్కజూసి ఆరుద్ర నక్షత్రం అన్నడు. ఆ ఉత్తరాన్ని బావ నాతో ఆరుసార్లు చదివించుకున్నాడు. ఆరోసారికి నాకు కంఠతా వచ్చేసి, కాగితం చూడకుండానే చెప్పాను. "చూసి చదువు సారూ, ఏమన్న మర్చిపోతవు" అన్నాడు.

ఇక నా చేతికి ఆ పుస్తకం ఎట్లా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే తప్పులో సగం దానిదే. తయారైన ఇళ్ళ వరుసలో ఒక తెల్లదొరగారి కుటుంబం సామాను సర్దుకుని వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె బయట పెట్టారు. మా ఫోర్‌మన్ సాబ్ అందులోంచి ఒక దళసరి పుస్తకం తీసి, "ఏ లో మియా, చదువుకున్నోనివి గద" అని నా చేతిలో పెట్టాడు. (ఫోర్‌మన్ సాబ్ నిజామాబాద్ మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, ఇంజనీరుతో ఇంగ్లీషు, తాపీ మేస్త్రీలతో తిట్లు.) అది నక్షత్రాల పుస్తకం. రంగుల బొమ్మలు, నున్నటి కాగితం. చివరి పేజీలు కొన్ని లేవు. ఆ ఇంట్లో చిన్నపిల్లలుండేవారని పెన్సిలు గీతలను బట్టి తెలిసింది, వాళ్ళే చింపి ఉంటారు. పేజీలు పోతేనేం అనుకున్నాను. పరీక్షలకు కూడా నేను చివరి పాఠాలు ఎన్నడూ చదివింది లేదు.

చలికాలం. సాయంత్రం డ్యూటీ దిగి, స్నానాలు చేసి, సెంట్రింగు చెక్కముక్కలతో మంట వేసుకుని కూర్చునేవాళ్ళం. పడమటి వైపు గ్యాసు మంట ఎప్పుడూ మండుతూనే ఉండేది గానీ, దానికి వీపు పెట్టి కూర్చుంటే మగ్రిబ్ నమాజు అయిన కాసేపటికే ఆకాశం చుక్కలతో నిండిపోయేది. అక్కడే నా పాఠాలు మొదలయ్యాయి. మొదటి రోజు మాత్రం నాకే పాఠం జరిగింది. నేను పుస్తకంలోని ఇంగ్లీషు పేరొకటి చెప్పి వేలు చూపించగానే, "అవి గొర్రు కొయ్యలు గద సారూ" అన్నారు నలుగురు ఒక్కసారే. మూడు చుక్కలు వరసగా, విత్తనాలు వేసే గొర్రులాగానే ఉన్నాయి. పిల్లలకోడి (పంచాంగంలో కృత్తిక) ఏదో, ముసలమ్మ మంచం (సప్తర్షులు) ఏ జాముకు లేస్తుందో, ఆ మంచం కోళ్ళెత్తుకుపోవడానికి ముగ్గురు దొంగలు ఎట్లా వెంటపడ్డారో అన్నీ వాళ్ళే చెప్పారు. గడియారం లేని పొలాల్లో మోట కొట్టిన మనుషులు. వాళ్ళ ముందు నా పుస్తకం చిన్నబోయింది. నాకు రోషం వచ్చింది. పేర్లు మీకు తెలిస్తే తెలియనీ, పుట్టుక నేను చెప్తాను, చావు నేను చెప్తాను అనుకున్నాను.

చెప్పాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉన్నా, బాగానే చెప్పానని ఒప్పుకోవాలి. గొర్రు కొయ్యల కింద పొగలాంటి మచ్చ ఒకటుంది చూడండి, అది చుక్కలు పుట్టే చోటు అన్నాను. ఆకాశంలో గాలి, దుమ్ము మబ్బులాగా పరుచుకుని ఉంటాయి. వాటి బరువుకు అవే దగ్గరికి చేరి, ముద్దకట్టి, ఒత్తుకుని ఒత్తుకుని లోపల వేడెక్కుతాయి. వేడి ఒక హద్దు దాటాక లోపలి హైడ్రోజన్ అంటుకుని చుక్క వెలుగుతుంది. (అంటుకోవడం కాదని, అణువుల గుండెలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడమని పుస్తకంలో ఉంది. అది మంట దగ్గర చెప్పేదెట్లా? నాకే సరిగా అర్థం కాలేదు.) పిల్లలకోడిలో ఉన్నవి నిన్నమొన్న పుట్టిన పసివి. మన సూర్యుడు నడివయసు మనిషి. చిన్న చుక్క కొంచెం కొంచెం ఖర్చు పెట్టుకుంటూ చానా కాలం బతుకుతుంది. పెద్ద చుక్క ధగధగా మండి తొందరగా అయిపోతుంది. ఇది వినగానే మూలనుంచి ఒకాయన, "సమజైంది సారూ. ఎనిమిది గంటలోడు నిలుస్తడు, ఓవర్‌టైమోడు అయిపోతడు" అన్నాడు. ఇన్నేళ్ళలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ సంగతి అంత పొట్టిగా లేదు.

రోజురోజుకీ జనం పెరిగారు. పక్క గదులవాళ్ళు వచ్చారు. కేరళ వంటాయన భాష తెలియకపోయినా టీ కెటిల్ తెచ్చుకుని కూర్చున్నాడు. నాకు పొద్దున హాజరు వేసేటప్పుడు కూడా సాయంత్రం ఏం చెప్పాలనే ధ్యాసే. చావును చివరికి దాచుకున్నాను. ఒక ఆదివారం సాయంత్రం గొర్రు కొయ్యలకు పైన ఉన్న ఎర్రటి చుక్కను చూపించాను. ఇది ముసలిది అన్నాను. లోపలి సరుకు అయిపోవచ్చింది, అందుకే ఉబ్బింది, అందుకే ఎర్రబడింది. ఒకరోజు గుండె కూలిపోయి, పేలిపోయి, బూడిదై చస్తుంది. ఎన్నడు అని ఎవరో అడిగారు. "ఎన్నడన్న గావచ్చు. రేపైనా గావచ్చు" అన్నాను. పుస్తకంలో ఆ వాక్యానికి ముందు 'లక్ష ఏళ్ళలోపు' అని ఉంది. కథ రక్తికట్టదని దాన్ని మింగేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. గొంతు ఊరుకోలేదు. "అసలది ఇప్పటికే చచ్చిపోయి ఉండచ్చు. దాని వెలుగు మన దగ్గరికి రావడానికి అయిదారు వందల ఏండ్లు పడుతది. మన ఉత్తరాల లెక్కనే. ఇంటికాడ రాసిన్నాటి ముచ్చట మనం ఇయ్యాల చదువుకుంటం. ఇయ్యాల అక్కడేమున్నదో ఎవరికెరుక?" అన్నాను.

అందరూ తలలెత్తి ఆ చుక్క వైపే చూస్తుండిపోయారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. నిమ్మలం బావ మాత్రం మెల్లగా అడిగాడు. "సారూ, గది ఆరుద్రనేనా?"

"ఆఁ, ఆరుద్రనే. పురుగు లెక్క ఎర్రగ లేదా?" అన్నాను. తొలకరికి మా పొలాల్లో మఖమల్ గుడ్డలాంటి ఎర్రటి ఆరుద్ర పురుగులు పైకొస్తాయి. ఆ పోలిక తోచినందుకు కూడా నన్ను నేను మెచ్చుకున్నాను. బావ లేచి గదిలోకి వెళ్ళిపోయాడు.

తెల్లారి అతను తినలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయకుండా వెనక్కి తెచ్చాడు. ఎట్లున్నవ్ బావా అంటే జవాబు లేదు. ఆ మాట రాకపోవడం విని నాకు మొదటిసారి భయమేసింది. మూడో రోజు సాయంత్రం భుజం మీద తట్టాడు. ట్యాంకు వెనక్కి పోయాం. దిండు కింద నుంచి తీసిన ఉత్తరం నా చేతిలో పెట్టాడు. అంతకుముందు గురువారం వచ్చిందే, నేనే చదివాను. పిలగానికి జరం వచ్చింది, జగిత్యాల దవాఖానకు తీస్కపోయినం, సూది ఇచ్చిండ్రు, ఇప్పుడు నిమ్మలమే, రంది పెట్టుకోకు.

"ఇప్పుడు నిమ్మలమే అని ఉన్నది గద సారూ. ఇప్పుడంటే ఎప్పటి ఇప్పుడు?"

తపాలా ముద్ర చూశాను. ఉత్తరం ఊళ్ళో పడి మూడు వారాలయింది. ఆ లెక్కే చెప్పాను. బావ అన్నాడు. "నాకు గిన్ని దినాలు తెల్వలే. ఉత్తరం చదివినప్పుడల్లా, గీ గడియల ఇంటికాడ గట్లనే ఉన్నదనుకుంటుంటి. నువ్వు జెప్పినంక తెలిసింది. సారూ, పొద్దున ఫోర్‌మన్ సాబ్‌కు జెప్పు. నాకు వీసా క్యాన్సిల్ కొట్టియ్యుమను. నేను పోత." రెండేళ్ళ కాంట్రాక్టులో పదకొండు నెలలే అయింది. మధ్యలో క్యాన్సిల్ చేసుకుని పోతే ఆ కంపెనీ మళ్ళీ పిలవదు. ఉన్న రెండెకరాలు తాకట్టు పెట్టి వచ్చిన మనిషి. నా ఒక్క సాయంత్రపు గొప్పకు అతని బతుకు తెరువు పోయేటట్టు ఉంది.

సర్దడానికి చూశాను. మింగేసిన లక్ష ఏళ్ళను బయటికి తీశాను. "బావా, రేపంటే మన రేపు గాదు. వాళ్ళ లెక్కల లక్ష ఏండ్లు గూడ రేపే."

"లక్ష ఏండ్లను రేపు అనేటోళ్ళ మాట నువ్వెట్ల నమ్మినవ్ సారూ?" అన్నాడు. ఇంకో వైపు నుంచి వచ్చాను. జన్మనక్షత్రమంటే ఆ చుక్క మనిషిది అని కాదు, పుట్టిన వేళకు చంద్రుడు ఆ ఇంట్లో ఉన్నాడని లెక్క, అంతకంటే ఏం లేదు అన్నాను. బావ ఉత్తరం నా చేతిలోంచి తీసుకున్నాడు. "మరి ఇల్లు గూలితే ఇంట్లున్నోడేం గావాలె?" అన్నాడు. నేను మూడుసార్లు తప్పిన ఆ ఫిజిక్సు పేపరులో కూడా ఇంత కష్టమైన ప్రశ్నలు రాలేదు.

ఈలోగా రెండో తెగులు మొదలైంది. ఉత్తరాల మాట అందరి బుర్రల్లోనూ పడింది. పెట్టెల అడుగు నుంచి పాత ఉత్తరాలు పట్టుకుని ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చారు. ఎవరూ చదవమనలేదు. "ముద్ర చూసి చెప్పు సారూ, ఇది ఎన్ని దినాల ముచ్చట?" చెప్పేవాణ్ణి. ఇరవై. ఇరవై ఆరు. ఒకాయనది నలభై. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, పోయి తలుపు మెట్టు మీద కూర్చున్నాడు. అందులో బర్రె ఈనిందని ఉంది, అంతే. ఆ దూడకు ఇప్పుడు నలభై రోజుల పైనే అయిందని ఆయనకు దిగులు. మంట దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. గురువారం సంచి వచ్చింది, బావకు అందులో ఏమీ లేదు. శనివారం నాటికి సైటులో సలాకల పని సగానికి పడిపోయింది.

ఫోర్‌మన్ సాబ్ నన్ను పిలిపించాడు. "క్యా మియా, నా మనుషులకు ఏం చెప్పినవ్ నువ్వు? జిన్ను పట్టినట్టు ఆస్మాన్ చూస్తున్నరు." అంతా చెప్పాను. లక్ష ఏళ్ళు మింగిన సంగతి, బావ అడిగిన క్యాన్సిల్‌ను ఆయన దాకా తేకుండా తొక్కిపెట్టిన సంగతి కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన గడ్డం గోక్కుని, "మా అమ్మీ పోయిన ఖబర్ నాకు ఇరవై రెండు దినాలకు తెలిసింది. ఆ ఇరవై రెండు దినాలు నేను ఆమెకు సలామ్ రాస్తనే ఉన్న" అన్నాడు. వెంటనే కాగితం తీశాడు. జగిత్యాలలో ఆయన బావమరిదికి బట్టల దుకాణం ఉంది, దుకాణంలో టెలిఫోను ఉంది. వచ్చే శుక్రవారం దోహా నుంచి ఫోను చేస్తాం, ఫలానా పల్లె నుంచి ఫలానా వాళ్ళను, పిల్లవాడితో సహా పొద్దున్నే దుకాణంలో కూర్చోబెట్టు అని టెలిగ్రాం రాశాడు. "ఇంటికి కొడితే టెలిగ్రాం చూడగానే చచ్చిండనుకుంటరు. దుకాణానికే కొట్టాలె" అని తన తెలివికి తానే తల ఊపాడు. బావను పిలిచి, "శుక్రవారం దాక ఆగు. ఫోన్ల విన్నంక పోత అంటే నేనే క్యాన్సిల్ కొడత, అల్లా కసం" అన్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున పికప్‌లో బయలుదేరాం. ఫోర్‌మన్ సాబ్ నడుపుతున్నాడు. దోహా టెలిఫోను ఆఫీసులో కాల్ బుక్ చేసి బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు కాల్ అంటే బొంబాయి మీదుగా, హైదరాబాద్ మీదుగా, ఎన్నో చేతులు మారి పోవాలి. గంటలు గడిచాయి. బావ పెట్టెలోంచి తీసిన కొత్త చొక్కా మడతలు పోకుండా నిటారుగా కూర్చున్నాడు. దాదాపు మధ్యాహ్నానికి మా నంబరు పిలిచారు. బావ చెప్పులు బయట విడిచి బూత్‌లోకి వెళ్ళాడు. తోడుగా నేనూ ఇరుక్కున్నాను. రిసీవరు చెవికి పెట్టుకున్న మరుక్షణం నా వైపు తిరిగాడు. "ఏడుస్తున్నరు సారూ. మా అవ్వ ఏడుస్తున్నది. అందరు ఏడుస్తున్నరు."

ఫోర్‌మన్ సాబ్ లెక్కలో లేని సంగతి ఏమిటంటే (ఇది తర్వాత ఉత్తరంలో తెలిసింది), ఆయన బావమరిది మోపెడ్ మీద పల్లెకు పోయి, "శుక్రవారం దుబాయి నుంచి ఫోను వస్తది, అందరు రావాలె" అని చెప్పాడు. ఆ పల్లెకు అంతవరకు ఫోను అనేది ఎన్నడూ రాలేదు. రాక రాక వస్తుంటే మంచి మాటకు వస్తుందా? అదీ పిల్లవాడితో సహా అందరినీ రమ్మన్నారు. బావ పోయాడని వాళ్ళు ఖాయం చేసుకున్నారు. తల్లి, భార్య, వదినలు, పెద్దమనుషులు, మొత్తం పదిహేడు మంది పొద్దుటి బస్సుకే వచ్చి దుకాణంలో చీరల గుట్టల మధ్య కూర్చుని, రింగు మోగగానే ఏడుపు ఎత్తుకున్నారు. ఇదేదీ మాకు తెలియదు. నేను రిసీవరు లాక్కుని, "హలో" అన్నాను. పరాయి గొంతు వినగానే, ఖబురు చెప్పడానికి ఆఫీసరు వచ్చాడనుకున్నారు కాబోలు, ఏడుపు రెండింతలైంది. కాల్‌కు ఇచ్చిన మూడు నిమిషాల్లో ఒక నిమిషం అట్లా పోయింది. రిసీవరు మళ్ళీ బావ చెవికి నొక్కి పెట్టాను. "మాట్లాడు బావా. ఏదో ఒకటి మాట్లాడు."

బావ దగ్గర ఉన్నది ఒకటే మాట. "నిమ్మలం" అన్నాడు.

అవతల ఏడుపు ఆగింది. చెవి ఆనించి పెట్టిన నాకు కూడా ఆ నిశ్శబ్దం వినిపించింది. ఆ మాట అట్లా అనే మనిషి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్కడే. ఆ తర్వాత ఒక ఆడగొంతు, బావ భార్యది, "నువ్వేనా? నువ్వు మంచిగనే ఉన్నవా?" అంది. "నేను మంచిగున్న. పిలగాడు?" "నీ ఒళ్ళు బాగలేదా మరి?" "నా ఒంటికేంది, పిలగాడు?" "పిలగానికేమైంది?" అని ఇద్దరూ ఒకరినొకరు గద్దించుకుంటుంటే, చుట్టూ అంతమంది గోల చేసేసరికి నిద్ర చెడి, అక్కడ పసివాడు గుక్కపట్టి ఏడుపు అందుకున్నాడు. బావ రిసీవరు కొంచెం నా వైపు వంచాడు. గరగర చప్పుడులో సన్నగా వినిపించింది. "ఏడుస్తున్నడు సారూ" అన్నాడు. కళ్ళ నీళ్ళు కొత్త చొక్కా మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇప్పుడు ఏడుస్తున్నడు. గిప్పుడే." అక్కడే లైను తెగిపోయింది. నేనూ ఏడ్చాను. ఫోర్‌మన్ సాబ్ బూత్ బయట నిలబడి బావ చెప్పుల్ని కాపలా కాస్తూ, అంతా అయిపోయిందనుకుని, దువా చేస్తున్నాడు. మేమిద్దరం నవ్వుతూ ఏడుస్తూ బయటికి వస్తుంటే ఎటు తేల్చుకోవాలో ఆయనకు తెలియలేదు.

ఫోర్‌మన్ సాబ్ జుమా నమాజు, దోహా బజారు పనులు అయ్యాకే తిరిగి బయలుదేరాం, దుఖాన్ దగ్గరపడుతుండగా చీకటి పడింది. ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నాం. బావ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి, పైకి చూశాడు. గొర్రు కొయ్యల పైన ఎర్రగా అది అక్కడే ఉంది. "అది ఉన్నదో లేదో నాకైతే తెల్వదు సారూ. పిలగాడైతే ఉన్నడు" అన్నాడు. క్యాన్సిల్ మాట మళ్ళీ ఎత్తలేదు. తల లోపలికి తీసుకుని, "సచ్చిపోయినంక ఏమైతది? బూడిదైతది అన్నవు. ఆ తర్వాత?" అని అడిగాడు.

కల్పించి చెప్పేందుకు నాలుక లేచింది. ఎందుకో ఆ రోజు చెప్పలేకపోయాను. "నాకు తెల్వదు బావా. ఆ పుస్తకంల చివరి పేజీలు లేవు." ఆగలేక మిగతాది కూడా అనేశాను. "నేను బి.ఎస్సీ. పాస్ గాలే."

"ఎరుకే" అన్నాడు బావ నిమ్మలంగా. "పాసైనోడు మమ్మల్ని బస్సు కాడ ఎందుకు లెక్కవెడ్తడు?" ఫోర్‌మన్ సాబ్ స్టీరింగ్ మీద పడి నవ్విన నవ్వుకు బండి రోడ్డు దిగబోయింది. అయినా మర్నాడు కూడా అందరూ నన్ను సారూ అనే పిలిచారు.

చివరి పేజీల్లో ఏముందో చాలా ఏళ్ళ తర్వాత, కరీంనగర్‌లో స్థిరపడ్డాక, లైబ్రరీలో ఇంకో పుస్తకంలో చదివాను. చచ్చిన చుక్క బూడిద వృథా పోదట. అది మళ్ళీ మబ్బుల్లో కలిసి కొత్త చుక్కలవుతుందట. మన నెత్తురులో ఉన్న ఇనుము, బావ జీవితమంతా కట్టిన సలాకల ఇనుము, అంతా ఎప్పుడో ఏదో ఒక చుక్క కడుపులో ఉడికినదేనట. అదే రోజు జగిత్యాల బస్సెక్కి పోయి బావకు చెప్పాను. ఆయన తన అరచేతులు తిప్పి చూసుకుని, "గందుకే గంత బరువున్నయి" అన్నాడు.

పిల్లవాడు పెద్దవాడయ్యాడు. తండ్రి పోయిన దారినే ఖతార్ పోయి ఇండస్ట్రియల్ ఏరియాలో క్రేన్ ఆపరేటర్‌గా చేరాడు, బర్వా అల్ బరాహా అనే కార్మికుల వసతిలో గది. ఇప్పుడు అక్కడ ఎవరూ ఉత్తరాలు చదివించుకోరు. అన్నం తింటూ కూడా ఫోన్లో ఇంటివాళ్ళ మొహం చూస్తూ తింటారు. నేను మాత్రం ఏటా చలికాలంలో మేడ మీదికి పోయి ఆరుద్ర వైపు చూసి, పాత అలవాటు కొద్దీ మనసులో హాజరు వేసుకుని కిందికి దిగుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక చలికాలం దాని వెలుగు బాగా తగ్గిపోయింది. రేపో మాపో పేలుతుందేమోనని టీవీలో చెప్పారు. మేడెక్కి చూశాను. నిజమే, మసకబారింది. జన్మనక్షత్రానికీ మనిషికీ ఏ సంబంధమూ లేదని, శాస్త్రవేత్తల రేపు అంటే లక్ష ఏళ్ళని, ఇవన్నీ స్వయంగా నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి వాదించిన మనిషిని నేను. చేతులు వాటంతటవే ఫోను తీశాయి.

"ఏంది మామా, గీ యాళ్ళకు చేసినవ్? అంతా మంచేనా?" అన్నాడు బావ కొడుకు. వెనకాల ఎవరో అన్నం గిన్నె తెమ్మని అరుస్తున్నారు.

"ఏం లేదురా, ఊకెనే. ఎట్లున్నవ్?"

వాడు నవ్వాడు. "నిమ్మలం. ఏమైంది మీ ఇద్దరికి ఇయ్యాల? బాపు గూడ గిప్పుడే చేసి ఇదే అడిగిండు."